లేపడానికి పట్టుకున్న చేతులు

జిల్లా అధికారి షెన్‌కి బదిలీ వచ్చిందన్న కబురు హైబ్వే ఊరికి సముద్రం పాటు మీద ఉన్న వేళ చేరింది. ఆ వేళకి ఊళ్ళో ఆడవాళ్ళంతా మోకాలి లోతు బురదలో ఉన్నారు. తలల్లో పూలు, నడుములకి బుట్టలు, చేతుల్లో ఇనప కొక్కేలు. సముద్రం వెనక్కి పోయినంతసేపే పని. బురదలో నిలబెట్టిన రాతి గుంజలకి పట్టిన ఆల్చిప్పల్ని కొట్టి, ఊడదీసి, బుట్టలో పడెయ్యాలి. కబురు తెచ్చిన పడవవాడు గట్టు దిగలేదు. అక్కడినుంచే కేకేశాడు.

"మీ షెన్ దొర పోతున్నాడంట. ఎల్లుండే ప్రయాణం. ఉత్తరాన ఎక్కడో నీళ్ళు దొరకని కొండల్లో వేశారంట."

ల్యూన్యాంగ్ చేతిలో కొక్కెం ఆగిపోయింది. "మూడేళ్ళు అప్పుడే అయిపోయాయా?" అంది.

"నువ్వు ముప్పయ్యేళ్ళనుకున్నావా ఏంటి?" అన్నాడు పడవవాడు.

ఎవరూ నవ్వలేదు. అందరి కళ్ళూ ఒకే వైపు తిరిగాయి. బురద నడిమధ్యన వరసగా పాతిన వెదురు గడల వైపు.

ఆ గడలు హో ఇంటివాళ్ళవి. చ్వాన్‌చౌ రేవులో వాళ్ళకి ఓడలున్నాయి, పింగాణీ గోదాములున్నాయి, నలుగురు ఎదురొస్తే పక్కకి తప్పుకునేంత పేరుంది. లేనిదల్లా ఆల్చిప్పల బురద. ఒకరోజు మనుషుల్ని పంపి గడలు పాతించారు. ఇవతల మీది, అవతల మాది అన్నారు. అవతల అంటే మంచి రాళ్ళున్న వైపు. ఆ రాళ్ళు ఈ ఆడవాళ్ళ అమ్మలు, అమ్మమ్మలు వీపుల మీద మోసుకొచ్చి నిలబెట్టినవి. ఓడల యజమాని గులకరాయి కూడా మొయ్యలేదు. అయినా లోకంలో మోసినవాడిది ఎప్పుడైంది గనక, గడ పాతించినవాడిదే అవుతుంది. అదేం విచిత్రమో షెన్ అధికారి తిరగేసి చెప్పాడు. రాయి ఎవరు మోశారో బురద వాళ్ళదే అన్నాడు. గడలు పీకెయ్యమని హో ఇంటికి తీర్పు పంపాడు.

హో ఇంటివాళ్ళు తలూపారు. గడలు పీకలేదు. రేపు, ఎల్లుండి, ఓడ రాగానే, గాలి తగ్గాక అంటూ జరుపుకొచ్చారు. వాళ్ళకి తెలుసు, అధికారి అనేవాడు వానాకాలపు వాగు. కాస్సేపు గట్టున కూచుంటే దానంతట అదే పోతుంది.

"ఇంకేముంది" అంది ఛెన్ పెద్దమ్మ, అందరిలోకీ ముసలిది, నిలబడినా వంగినా ఒకే ఎత్తు కనిపించే మనిషి. "ఆ వెదురుకి ఇంక వేళ్ళు దిగుతాయి చూడండే. చిగుళ్ళు కూడా వేస్తుంది."

ల్యూన్యాంగ్ బుట్టెత్తుకొని ఇంటికి నడిచింది. ఆమె ఎనిమిది గుంజలూ గడలకి అవతలే ఉన్నాయి.

ల్యూన్యాంగ్ అంటే ఆరో పిల్ల అని అర్థం. వాళ్ళ నాన్నకి పేర్లు వెతికే తీరిక లేదు, పుట్టిన వరస చూసి పిలిచేశాడు. ఆ ఆరో పిల్లకి దొరికిన మొగుడు పరంగి దేశంవాడు. పేరు గోతియే. ఆ పేరుకి ఊళ్ళో ఎవరి నోరూ తిరగలేదు. గడ్డం చూసి ఎర్రల్లుడు అన్నారు, అదే నిలిచింది. జెనోవా వర్తకుడొకడి వెంట కత్తి పట్టుకొని కాపలాగా వచ్చాడు. వర్తకుడు జ్వరానికి పోయాడు, సరుకు మిగతా వర్తకులు పంచుకున్నారు, కాపలావాడు ఎవరికీ అక్కర్లేకుండా మిగిలాడు. ల్యూన్యాంగ్ తెచ్చుకుంది. వచ్చాక పడవ నేర్చుకున్నాడు, భాష నేర్చుకున్నాడు, చేప తల చప్పరించడం నేర్చుకున్నాడు. ఎవరి మనిషీ కాకుండా బతకడం మాత్రం అతనికి చేతకాలేదు. తన దేశంలో చిన్నప్పుడే ఒక దొరకి మనిషయ్యాడట. ఆ దొర సముద్రంలో పోయాడు. అప్పటినుంచీ మెడలో పలుపు తెగిన ఎద్దులా, ఎటు పోవాలో తెలియనట్టు అప్పుడప్పుడూ ఆగి చూసేవాడు.

"ఏడుస్తున్నావా?" అన్నాడు గోతియే, ఆమె పొయ్యి ముందు కూచుంటే.

"ఉల్లికాడలు కోస్తున్నా."

"ఉల్లికాడలకి ఇంత ఏడుపు రాదు."

చెప్పింది. అతను వింటూ గంజిలో ఆల్చిప్ప మాంసం వెతుక్కున్నాడు. తరవాత గిన్నె కింద పెట్టాడు.

"నాకు ఇదొక్కటీ బుర్రకెక్కదు ఆరో. దొర ఎలా వెళ్ళిపోతాడు? మా దేశంలో దొరంటే కొండ. తాత దొర, తండ్రి దొర, కొడుకు దొర. మనం పోయినా వాళ్ళుంటారు."

"వాడు వెధవైతే?"

"వెధవ దొర."

"ఆ వెధవకి పుట్టినవాడు?"

"వాడూ దొరే మరి."

"బాగుంది సంబరం. మాకు వెధవ వచ్చినా మూడేళ్ళలో పోతాడు."

"మంచివాడొచ్చినా మూడేళ్ళలో పోతాడు" అన్నాడు గోతియే.

ల్యూన్యాంగ్ ఉల్లికాడలు ఇంకా చిన్నగా తరిగింది.

"ఎందుకు పంపించేస్తారు అసలు? తప్పేమైనా చేశాడా?"

"తప్పు చేసినా పంపుతారు, చెయ్యకపోయినా పంపుతారు. సొంత జిల్లాలో కొలువివ్వరు. ఇచ్చిన జిల్లాలో ఉండనివ్వరు. ఉంటే ఏమవుతుంది? వియ్యంకులొస్తారు, స్నేహితులొస్తారు, ఊరు నాదే కదా అనిపిస్తుంది. పైనున్నాయనకి, ఆ చక్రవర్తికి, అదే గుండెదడ. వేళ్ళు దిగకముందే నారు పీకి ఇంకో మడిలో పెట్టినట్టు, వీళ్ళనీ పీకుతుంటాడు."

"మా రాజు వేళ్ళు దిగినవాడినే పట్టుకుంటాడు. ఈ నేల నీది, నీ పిల్లలది, నేను కబురు పెడితే గుర్రమెక్కి రా అంటాడు."

"రాకపోతే?"

"వస్తాడు. మాటిచ్చాడు కదా."

"రాకపోతే ఏంటని అడుగుతున్నా."

గోతియే గడ్డం గోక్కున్నాడు. "అందుకే వాడి కొడుకుని తెచ్చి తన కోటలో పెంచుకుంటాడు."

"అంటే తాకట్టు."

"తాకట్టు కాదు, పెంపకం. కత్తి తిప్పడం నేర్పిస్తాడు, వేట నేర్పిస్తాడు."

"తాకట్టు చెంబుని రోజూ తోమితే పెంపకమా?"

అతను నవ్వాడు గానీ వదల్లేదు. "సరే, మీ పైనాయన సంగతేంటి? ఈ షెన్ దొరకి కత్తి లేదు, గుర్రం లేదు. పరీక్షలో పద్యాలూ వ్యాసాలూ రాసి నెగ్గాడంట. పద్యం రాసినవాడి చేతికి జిల్లా ఇచ్చేస్తారా?"

"గుర్రం మీదనుంచి పడకుండా కూచున్నవాడికి మీరివ్వలేదా?"

"పోనీ, షెన్ దొర ఆ పైనాయన్ని ఎప్పుడైనా చూశాడా?"

"ఎక్కడ చూస్తాడు? గుమ్మం బయటినుంచి దణ్ణం పెట్టుంటాడు."

"చూడనివాడికి ఎందుకు లొంగి ఉంటాడు?"

"లొంగకేం చేస్తాడయ్యా. వెనకెవరున్నారు? ఆయన సొంత ఊరు ఎక్కడో హూచౌ. మన మాట ఒక్కటి రాదు. దుబాసీ లేనిదే బజార్లో చేప కొనలేడు. తిరగబడి ఎవరితో చెప్పుకుంటాడు, రమ్మని?"

గోతియే గిన్నె పక్కకి తోశాడు. "అంటే మీ పైనాయన ఒక్కొక్కణ్ణీ ఒంటరిని చేసి ఏలతాడు. మా రాజు ఒక్కొక్కణ్ణీ చుట్టాన్ని చేసుకొని ఏలతాడు."

"ఎట్టా ఏలినా బురదలో దిగేది మనమే. తిను, చల్లారిపోతుంది."

తినలేదు. రెండు అరచేతులూ ఒకటికొకటి ఆనించి ఆమె ముందుకి చాపాడు. "ఇటు చూడు. నెత్తిన టోపీ ఉండకూడదు, నడుముకి కత్తి ఉండకూడదు. మోకాళ్ళ మీద కూచుని చేతులిట్టా దొర చేతుల్లో పెడతాం. ఆయన వాటి మీద తన చేతులు మూస్తాడు. నీ మనిషినయ్యాను అంటాం. లేచి ముద్దు పెట్టుకుంటాం. అంతే. ఇంక నా నేల మీద ఎవడు చెయ్యేసినా ఆయన వచ్చి తీరాలి. ఎంత దూరంలో ఉన్నా రావాలి. కొండల్లో ఉన్నా."

"ముద్దు ఎక్కడ?"

"నోటి మీద."

ల్యూన్యాంగ్ కత్తిపీట పక్కకి జరిపి మరీ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వులో పడి, అతను చివర్లో అన్న కొండల మాట చెవికెక్కించుకోలేదు.

ప్రయాణం రోజున ఊరంతా తూర్పు వాకిలి రోడ్డు మీదికి చేరింది. అధికారి పోతుంటే చెయ్యాల్సిన పనులు కొన్నున్నాయి ఆ దేశంలో. బండి కాడి పట్టుకొని వెళ్ళొద్దని ఏడవాలి. చక్రాల దారిలో అడ్డంగా పడుకోవాలి. చివరికి ఆయన కాళ్ళ బూట్లు లాగేసుకొని వాకిట్లో వేలాడదీయాలి, మళ్ళీ ఇలాంటివాడే రావాలని. ఇందులో ముప్పాతిక నాటకం. జిల్లాని నంజుకు తిన్నవాడు కూడా ఏడ్చేవాళ్ళని కూలికి కుదుర్చుకొని, మూటలో కొత్త బూట్లు దాచుకొని, పాతవి తొడుక్కొని బయల్దేరేవాడు. షెన్ ఎవర్నీ కుదుర్చుకోలేదు. ఉన్నది ఒక్కటే జత. అది కూడా మడమ దగ్గర కుట్లు విప్పుకుంటోంది.

ఆడవాళ్ళు కాడి పట్టుకున్నారు. ఛెన్ పెద్దమ్మ తెల్లారే వచ్చి మెత్తటి చోటు చూసుకొని పడుకుంది. పడుకున్నాకనే తెలిసింది, ఆమె పడుకున్నది షెన్ బండి ముందు కాదు, తనిఖీ దొర గుర్రం ముందు. తనిఖీ దొర మంగోలు మనిషి, పేరు యెసుదేర్. దిగిపోయే అధికారులు ఏమేం మింగారో చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఆయనొచ్చాడని హో ఇంటి గుమాస్తా తావ్ కూడా వచ్చి పక్కనే చేతులు కట్టుకొని నిలబడ్డాడు. వెనక రేవుకి పోవాల్సిన హో వాళ్ళ పింగాణీ బళ్ళు వరసగా ఆగి ఉన్నాయి.

షెన్ బండి దిగాడు. బక్కమనిషి. దగ్గుతూ అందరికీ వంగి దణ్ణాలు పెడుతున్నాడు. అప్పుడు జనాన్ని తోసుకుంటూ గోతియే వచ్చాడు.

టోపీ లేదు. నడికట్టు లేదు. ల్యూన్యాంగ్‌కి మొన్న పొయ్యి ముందు అతనన్న మాటలు గుర్తొచ్చాయి. "ఏయ్, ఆగు" అంది, అతను ఆగలేదు.

అతను వెళ్ళి షెన్ ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు. రెండు చేతులూ కలిపి పైకెత్తాడు. పెద్దమనిషి ముందు ఎవరైనా మోకరిస్తే ఆ పెద్దమనిషి ఏం చెయ్యాలి? వంగి, చేతులు పట్టుకొని, అయ్యో లేవండి అనాలి. షెన్ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నేర్చుకున్న మర్యాద అది. అదే చేశాడు. వంగి ఆ ఎర్ర చేతుల్ని తన రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు.

గోతియే ముఖం వెలిగిపోయింది. "ఇవాళ్టినుంచి నేను మీ మనిషిని" అన్నాడు, ఊరంతా వినేట్టు. లేచాడు. అధికారిని నోటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. తరవాత బంట్రోతులు ముగ్గురు మీద పడ్డారు. చేతులు కలిపి చాపినవాడు ఎటూ సిద్ధంగానే ఉన్నాడు, తాడు చుట్టడం తేలికైంది. షెన్ చేతిగుడ్డతో మూతి తుడుచుకుంటూ, తుడుచుకుంటే బాగుండదేమో అని ఆగి, మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఏం నేరం చేశాడు?" అన్నాడు యెసుదేర్, గుర్రం మీదినుంచే.

"నేరం లేదు దొరా" అన్నాడు గోతియే, కట్టిన చేతులతోనే. "ఈయనకి మనిషినయ్యాను. ఈయన ఒప్పుకున్నాడు, చేతులు మూశాడు."

గుమాస్తా తావ్ ఆ మాట కింద పడనివ్వలేదు. "విన్నారు కదా దొరవారూ. చక్రవర్తి నేల మీద జిల్లా అధికారి సొంత మనుషుల్ని పెట్టుకుంటున్నాడు. అదీ పరదేశం కత్తివాళ్ళని. ఈ పరంగివాడి పెళ్ళాం రాళ్ళు ఆ బురదలోనే ఉన్నాయి. ఆ తీర్పు ఎందుకు అట్టా వచ్చిందో ఇప్పుడు తెలిసిపోయింది. ఇట్టాంటి తీర్పు చెల్లుతుందా?"

ఇప్పుడు ల్యూన్యాంగ్‌కి అంతా ఒక్కసారి కనపడింది. మొగుడు నేల కాపాడబోయి నేల పోగొట్టాడు. షెన్ కొలువు పోతే షెన్ తీర్పూ పోతుంది. తీర్పు పోతే గడలు శాశ్వతం.

యెసుదేర్ గడ్డం కింద టోపీ ముడి వదులు చేసుకున్నాడు. "మా తాత" అన్నాడు మెల్లగా, "నడికట్టు తీసి మెడలో వేసుకొని ఒకాయన ముందు మోకరించాడు. ఆయన పోయిన చోటికల్లా పోయాడు. ఆయన కొడుకులు లోకాన్ని పట్టారు. అందుకే నేను గుర్రం మీదున్నా, మీరు నేల మీదున్నారు. మనిషి మనిషికి మనిషవడం ఎట్టా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఒరే పరంగీ, బదులుగా ఈయనకి ఏమిస్తానన్నావు?"

"పిలిస్తే యుద్ధానికి పోతా. ఏడాదికి నలభై రోజులు. మా పద్ధతి."

"గుర్రం ఉందా?"

"లేదు. పడవుంది."

"ఈయన పోయేది కొండలకి."

గోతియే తడుముకోకుండా, "మోసుకొస్తా" అన్నాడు.

ఎవరో నవ్వారు. యెసుదేర్ నవ్వలేదు. "ఆ మాట వెనక్కి తీసుకో. ఇప్పుడే, నా ముందర."

"తీసుకోలేను దొరా. ఇచ్చిన మాట ఇచ్చినవాడు తీసుకోడు. దొరే వదిలెయ్యాలి."

"షెన్, వదిలెయ్."

దుబాసీ చెవిలో చెప్పాడు, షెన్ నోరు తెరిచి మూశాడు. చదువుకున్నవాడు, గొయ్యి ఎక్కడుందో తెలుసు. వదిలేశానంటే, పట్టుకున్నానని ఒప్పుకున్నట్టు. పట్టుకోలేదనడానికి లేదు, ఊరంతా చూసింది. తావ్ మూతి పక్కకి లాగి, చేతులు ఇంకా వినయంగా కట్టుకున్నాడు.

ల్యూన్యాంగ్ మొగుడి వైపు చూసింది. మొద్దు, అబద్ధం ఆడలేని మొద్దు. షెన్ వైపు చూసింది. ఆయన చేతులు ఇంకా సగం వంగే ఉన్నాయి, ఎవరినో లేపబోతున్నట్టు. అప్పుడు గుర్రం ముందు పడుకున్న ఛెన్ పెద్దమ్మ కనపడింది.

"పెద్దమ్మా" అంది. "తనిఖీ దొరగారి ముందర పడుకున్నావా? తప్పు కదూ. లేచి మోకరించి దణ్ణం పెట్టుకో."

"నాకు మోకాళ్ళు రావే."

"వచ్చినంత."

పెద్దమ్మ మూలుగుతూ లేచింది. గుర్రం ముందు మోకరించి, చేతులు కలిపి పైకెత్తింది. గుర్రం మెడ చాపి ఆమె కొప్పులోని మల్లెల్ని వాసన చూసి, ఒక దండ లాక్కొని నమలడం మొదలుపెట్టింది. జనం గొల్లున నవ్వారు. అంత ముసలిదాన్ని దుమ్ములో మోకాళ్ళ మీద ఉంచి, తన గుర్రం ఆమె పూలు మేస్తుంటే, పైన కూచోవడం ఎంత మంగోలు దొరకైనా కష్టమే. యెసుదేర్ దిగాడు. వంగి, రెండు చేతులతో ఆమె చేతులు పట్టుకున్నాడు.

"లే అవ్వా, లే" అన్నాడు.

"దొరా" అంది ల్యూన్యాంగ్. గుర్రం దగ్గరికి ఒక అడుగు వేసింది. "మా పెద్దమ్మ ఇప్పుడు తమరి మనిషయిందా?"

యెసుదేర్ కిందికి చూశాడు. ముసలి చేతులు తన చేతుల్లో ఉన్నాయి.

"నేను లేపాను" అన్నాడు.

"ఆయనా లేపాడు దొరా."

యెసుదేర్ షెన్ వైపు ఒకసారి చూశాడు. గుర్రం ఇంకా నములుతోంది. ఆ తరవాత యెసుదేర్ భుజాలు కదిలాయి. నవ్వు పొట్టలో మొదలై పైకొచ్చింది.

"మరి ముద్దు?"

"అది మావాడి తప్పు. దానికి శిక్ష ఇంట్లో నేను వేస్తాను, తమరికెందుకు ఆ కష్టం."

"విప్పండి వాణ్ణి" అన్నాడు బంట్రోతులతో. "మోకరించినవాణ్ణి అధికారి లేపాడు. మర్యాద. అంతకుమించి నేనేమీ చూడలేదు."

తావ్ ముందుకి జరిగాడు. "దొరవారూ, ఆ బురద తీర్పు సంగతి మాత్రం..."

"నాయనా" అంది ఛెన్ పెద్దమ్మ. ఆమె తనిఖీ దొర చేతులు ఇంకా వదల్లేదు. "లేపావు, పుణ్యం ఉంటుంది. కానీ ఆ వెదురు గడలు అక్కడున్నంతకాలం నేను లేచి ఏం చెయ్యను? మళ్ళీ పడుకుంటాలే." చేతులు వదిలి, చెప్పినంత పనీ చేసింది. ఈసారి రోడ్డుకి అడ్డంగా, సాపుగా, పూర్తిగా.

ల్యూన్యాంగ్ ఆమె పక్కన పడుకుంది. ఆమె పక్కన ఇంకొకతె. కాడి పట్టుకున్నవాళ్ళు కాడి వదిలారు. ఆనవాయితీ ప్రకారం పడుకునేవాళ్ళు నలుగురైదుగురు, అదీ బట్ట నలగకుండా ఒక పక్కకి. ఇప్పుడు రోడ్డు పొడుగునా పూల తలలే. ఎవరూ ఏడవలేదు. ఏడుపు దేనికి? పడుకున్నవాళ్ళ మీద బండి పోనియ్యడం ఏ చట్టంలోనూ లేదు, పడుకోకూడదని కూడా ఏ చట్టంలోనూ లేదు, పైపెచ్చు అది అధికారి మీద భక్తి. భక్తిని ఎవడు కొడతాడు?

పింగాణీ బళ్ళవాళ్ళు వెనకనుంచి కేకలు మొదలుపెట్టారు. రేవులో హో వాళ్ళ ఓడ పోటు మీద బయల్దేరాలి. ఈ పోటు తప్పితే గాలి తిరుగుతుంది. ఆ సంగతి తావ్‌కి తెలుసు, పడుకున్న ప్రతి ఆడదానికీ తెలుసు. సముద్రం వేళలు వాళ్ళకి ఒకరు చెప్పాలా?

"లేవండమ్మా, దారివ్వండి" అన్నాడు తావ్, గొంతులో తేనె పోసుకొని. "గడల సంగతి రేపు చూస్తాం."

"మేమూ రేపే లేస్తాం" అంది ల్యూన్యాంగ్ ఆకాశం వైపు చూస్తూ.

"ఎల్లుండి చలి తగ్గుతుంది, ఎల్లుండి లేద్దాంలేవే" అంది పెద్దమ్మ.

యెసుదేర్ చెట్టు నీడకి పోయి నిలబడ్డాడు. తొందరేమీ లేనట్టు గుర్రం కళ్ళెం సరిచేస్తున్నాడు. తావ్ ఆయన వైపు చూశాడు. ఆయన చూడలేదు. తావ్ బళ్ళ వైపు చూశాడు. చివరికి చేతులు విప్పి, తన మనుషుల్ని పిలిచి, "పోండి. పీకెయ్యండి. ఇవాళ్టి పాటుకే" అన్నాడు.

"అన్నీ?" అంది పెద్దమ్మ.

"అన్నీ."

అప్పుడు తనిఖీ దొర నీడలోంచి వచ్చాడు. "షెన్ తీర్పే నా తీర్పు. రాబోయే అధికారికీ అదే చెప్తా. మళ్ళీ నేనొచ్చేసరికి ఆ బురదలో ఒక్క గడ కనపడితే, అది ఎవరి వీపు మీద విరగాలో నేను చూసుకుంటా." తావ్‌ని కాదు, ఊరిని చూస్తూ అన్నాడు. ఆ మాట ఊరిమీది దయతో వచ్చిందో, రోడ్డు ఖాళీ అవ్వాలని వచ్చిందో ఎవరూ అడగలేదు. వచ్చింది, చాలు.

ఆడవాళ్ళు లేచి దులుపుకున్నారు. లేస్తూనే షెన్ మీద పడి బూట్లు లాగేశారు. ఆయన ఒక్క కాలి మీద గెంతుతూ, దగ్గుతూ, నవ్వుతూ బండి పట్టుకున్నాడు. గోతియే మణికట్లు రుద్దుకుంటూ నోరు తెరిచి చూస్తున్నాడు.

"దొర బూట్లు దోచుకుంటున్నారా?"

"మర్యాద" అంది ల్యూన్యాంగ్.

"మీ మర్యాదలకో దణ్ణం. మేం చేతులిస్తాం, మీరు కాళ్ళు ఊడబీకుతారు."

ఎవరో గడ్డి చెప్పులు తెచ్చిచ్చారు. షెన్ అవి తొడుక్కొని బండెక్కాడు. ల్యూన్యాంగ్‌ని దగ్గరికి పిలిచి, దుబాసీ ద్వారా అడిగాడు. "నీ భర్త నాతో ఏమన్నాడమ్మా, నిజంగా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "తమరు ఎక్కడున్నా మమ్మల్ని కాపాడతారని అన్నాడు."

దుబాసీ చెప్పాడు. షెన్ తన చేతులు చూసుకున్నాడు. "నాకు మనిషి అంటూ ఎవరూ లేరు ఎక్కడా" అన్నాడు. "కొండల్లో అప్పుడప్పుడూ గుర్తు చేసుకుంటాలే." బండి కదిలింది. గోతియే వంగి దణ్ణం పెట్టాడు, ఈసారి ఆ ఊరి పద్ధతిలో.

సాయంత్రం పాటుకి ఊరంతా గట్టు మీద ఉంది. హో ఇంటి మనుషులు గడలు పీకుతూ ఒక్కొక్కరే నడుం దాకా దిగబడుతున్నారు. "అట్టా కాదు నాయనా, ఊపి పీకు, పన్ను ఊపినట్టు" అని ఆడవాళ్ళు పైనుంచి చదువు చెప్తున్నారు. పీకినవి పీకినట్టే ఒడ్డుకి లాగి, ముక్కలు కొట్టి, పొయ్యిల కింద పెట్టారు. పచ్చి ఆల్చిప్పలు, ఉల్లికాడలు, బియ్యప్పిండి కలిపి పెనం మీద అట్లు వేశారు. హో మనుషులకీ పెట్టారు. ఒళ్ళంతా బురదతో, తలొంచుకొని తిన్నారు పాపం. వాళ్ళేం చేస్తారు, వాళ్ళూ కూలివాళ్ళే.

గోతియే మూడో అట్టు తింటూ అన్నాడు. "నువ్వేమన్నా చెప్పు ఆరో. ఆయన చేతులు మూశాడు. నా చేతులకి తెలుసు."

"లేపాడు."

"మూసి లేపాడు."

"సరే. పిలిస్తే పోతావా కొండలకి?"

"పోవాలి మరి."

"నేనూ వస్తాలే" అంది ల్యూన్యాంగ్. "పడవ ఒక్కడివే మొయ్యలేవు."

ఆమె బుట్ట తీసుకొని బురదలోకి దిగింది. ఇన్నాళ్ళూ గడల అవతలున్న గుంజల దగ్గరికి నడిచింది. ఎవరూ కొట్టక ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి పట్టి గుంజలు రెట్టింపు లావయ్యాయి. మొదటి దెబ్బకే నాలుగు ఊడి బుట్టలో పడ్డాయి. పక్కన మిగతావాళ్ళు కూడా దిగారు, కొక్కేల చప్పుడు మొదలైంది, రాబోయే అధికారి లావా సన్నమా, నత్తివాడా పాటగాడా అని పందేలు మొదలయ్యాయి. గోతియే మోకాలి లోతులో నిలబడి రెండో బుట్ట పట్టుకున్నాడు.

నీళ్ళు మోకాళ్ళు దాటి వచ్చాక గానీ ఎవరూ గమనించలేదు. ఛెన్ పెద్దమ్మ గట్టు మీదినుంచి అరిచింది.

"దొరలూ, దొరసానులూ, ఇంక చాల్లే రండి. పోటెక్కుతోంది."